ఎత్తు ముందు, బలం తర్వాత

"ఇంకా ఎదిగే పిల్లాడు. పొద్దున్నే అంతంత దూరం పరుగెత్తిస్తే ఎదుగుదల ఆగిపోదా? మోకాళ్లు ఇప్పుడే అరిగిపోవా?" కొడుకునో కూతురినో మైదానానికి పంపే తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న ఇది. రెండో ప్రశ్న కొన్నాళ్లు పోయాక వస్తుంది. "మడమ నొప్పి అంటున్నాడండీ. అలవాటైతే అదే పోతుందని అందరూ అంటున్నారు. నిజమేనా?"

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పొచ్చు. పరుగు వల్ల ఎత్తు ఆగదు. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయే పిల్లల మోకాళ్లు పరుగుతో అరిగిపోవు. ఎగరడం, దూకడం, పరుగెత్తడం ఉంటేనే ఎముక గట్టిపడుతుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు వేడెక్కేలా, ఆయాసం వచ్చేలా ఆడాలనీ, వారంలో కనీసం మూడు రోజులు ఎముకలకూ కండరాలకూ పని చెప్పే ఆటలు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ట్యూషన్లు, సెల్‌ఫోన్లు, కార్లతో నిండిన అపార్ట్‌మెంట్ సెల్లార్ల మధ్య పెరుగుతున్న పిల్లల్లో ఎంతమందికి ఆ గంట దొరుకుతోంది? కాబట్టి ఈ అధ్యాయం చదివి ఎవరూ పిల్లల పరుగు మాన్పించకూడదని నా కోరిక.

రెండో ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. "అలవాటైతే పోతుంది" అన్నది ఒళ్లునొప్పుల విషయంలో నిజం, ఎముక నొప్పి విషయంలో ప్రమాదం. ఏది ఏదో పోల్చుకోవాలంటే ఎదిగే ఎముక లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

ఎముక ఎక్కడ పెరుగుతుంది?

తొడ ఎముక, కాలి ఎముక లాంటి పొడవాటి ఎముకలు మొదలు నుంచి చివరిదాకా ఒకేలా సాగవు. ప్రతి ఎముకకూ చివర్ల దగ్గర మెత్తని మృదులాస్థితో ఒక పలచని పొర ఉంటుంది. దీన్ని ఎదుగుదల పొర అందాం. డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. ఆ పొరలోని కణాలు విభజన చెంది వరసలు కడతాయి, ఉబ్బుతాయి, వెనక వరసల్లో సున్నం పేరుకుని ఎముకగా మారతాయి. అలా ఎముక చివర్ల వైపు జరుగుతూ పొడవెక్కుతుంది. పొర మొత్తం ఎముకగా మారి మూసుకుపోయిన రోజున ఎత్తు ఆగుతుంది. కాళ్ల ఎముకల్లో ఆడపిల్లలకు ఇది సుమారు 14, 15 ఏళ్లకు, మగపిల్లలకు 16, 17 ఏళ్లకు జరుగుతుంది.

ఇల్లు కట్టించినవాళ్లకు స్లాబు సంగతి తెలుసు. కాంక్రీటు పోసిన మర్నాటికే చూడటానికి గట్టిగానే ఉంటుంది, మనిషి నడిస్తే దిగబడదు. అయినా మేస్త్రీ రోజూ నీళ్లు కట్టిస్తాడు, సెంట్రింగ్ ముట్టుకోనివ్వడు. పైగది గోడకు ఇటుకలు అప్పుడే ఎక్కిస్తామంటే ఒప్పుకోడు. స్లాబు పనికిరాదని కాదు, అది ఇంకా తన బలాన్ని తాను తెచ్చుకుంటోంది. పన్నెండేళ్ల పిల్లాడి మోకాలి దగ్గరి ఎముక అదే దశలో ఉంటుంది. నడకకు, ఆటకు, పరుగుకు అది చాలు. పెద్దవాళ్ల మోత ఒక్కసారిగా ఎక్కిస్తే మాత్రం తట్టుకోలేదు.

ఈ పొరను మీరు ఎక్స్‌రేలో చూడొచ్చు. మృదులాస్థి ఎక్స్‌రేకు కనపడదు కాబట్టి ఎముక చివర నల్లటి గీత పడుతుంది, ఎముక అక్కడ విరిగిందేమో అనిపించేలా. వయసు తగ్గించి చెప్పి చిన్నపిల్లల పోటీల్లో దిగేవారిని పట్టుకోవడానికి క్రీడా సంఘాలు ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసేది ఈ గీతల కోసమే. మణికట్టులో చిన్న ఎముకలు ఎన్ని గట్టిపడ్డాయి, గీతలు ఎంత మూసుకున్నాయి అని చూసి ఎముక వయసు అంచనా వేస్తారు.

ఇక ముఖ్యమైన సంగతి. కీలు చుట్టూ ఎముకల్ని పట్టి ఉంచే పట్టీల కంటే ఈ పొర బలహీనం. అందుకే కాలు మడత పడితే పెద్దవాళ్లకు బెణుకుతుంది, పిల్లలకు అదే దెబ్బకు పొర దగ్గర ఎముక విరగొచ్చు. ఈ విరుగుళ్లను టొరంటో డాక్టర్లు సాల్టర్, హారిస్ 1963లో అయిదు రకాలుగా విభజించారు. ఆ విభజనే నేటికీ వాడుకలో ఉంది. వీటిలో కొన్ని సరిగ్గా అతకకపోతే కాలు వంకర పోవచ్చు, పొట్టిదైపోవచ్చు. మనవైపు చీలమండ వాచిన పిల్లాడిని నేరుగా బెణుకు తోమేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తారు, పుత్తూరు కట్టుకు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. ఎవరి నమ్మకం వారిది. కానీ ఎదిగే పిల్లల విషయంలో ఎక్స్‌రే తీయించకుండా ఎవరి చేతా లాగించొద్దు, తోమించొద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఆ ఏడెనిమిది నెలలు

పిల్లలు ఏటా ఒకే తీరున ఎదగరు. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్ల దగ్గర, మగపిల్లలు 14కు అటూ ఇటూగా ఒక్కసారిగా పొడవు సాగుతారు. ఆ ఏడాదిలో 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. జూన్‌లో కుట్టించిన యూనిఫాం ప్యాంటు సంక్రాంతికల్లా చీలమండ పైకి ఎక్కుతుంది.

కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం వారు 1990ల్లో కొందరు పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి వారి ఎత్తునూ ఎముకల్లో చేరుతున్న ఖనిజాన్నీ మళ్లీ మళ్లీ కొలిచారు. రెండు సంగతులు తేలాయి. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో నాలుగో వంతు ఈ దశలోని రెండేళ్లలోనే చేరుతుంది. అయితే ఎత్తు అత్యంత వేగంగా పెరిగే సమయానికీ, ఖనిజం అత్యంత వేగంగా చేరే సమయానికీ మధ్య ఏడెనిమిది నెలల ఎడం ఉంది. ముందు ఎముక సాగుతుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక పొడవుకు తగిన బలం దానికి ఉండదు. పిల్లల చేతులు ఎక్కువగా విరిగేదీ సరిగ్గా ఈ వయసులోనే.

కండరాలదీ ఇదే వరస. ఎముక సాగినంత తొందరగా కండరం సాగదు. పిక్క, తొడ కండరాలు బిగుసుకుని, అవి ఎముకను పట్టుకునే చోటును రోజంతా లాగుతుంటాయి. దానికితోడు కొత్తగా పొడుగైన కాళ్లను ఎలా కదిలించాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి. నిరుడు జింకలా పరుగెత్తిన పిల్ల ఈ ఏడు అడుగులు తడబడుతుంది, లాంగ్ జంప్‌లో పలక దగ్గర అడుగు కుదరదు, 200 మీటర్ల టైమింగ్ పెరుగుతుంది. ఇంట్లో బద్ధకం అంటారు, మైదానంలో ఇంకో నాలుగు రౌండ్లు వేయిస్తారు. తగ్గించాల్సిన సమయంలో పెంచుతారన్నమాట. పిల్లల క్రీడల్లో నేను చూసే పెద్ద పొరపాటు ఇదే, అదీ పిల్లల మీద ప్రేమతోనే జరుగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి పరికరాలు అక్కర్లేదు. మూడు నెలలకోసారి పొద్దున్నే బడికి వెళ్లేముందు పిల్లను చెప్పుల్లేకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. మడమలు, వీపు గోడకు తగలాలి. తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. సాయంత్రం కొలవొద్దు, రోజంతా నిలబడి తిరిగాక మనిషి ఎత్తు కొంచెం తగ్గుతుంది. మూడు నెలల్లో గీత 2 సెంటీమీటర్లు దాటి జరిగితే ఆ పిల్ల సాగే దశలో ఉందని లెక్క. అప్పుడు గెంతులు, గట్టునేల మీద స్ప్రింట్లు తగ్గించి, తీరు మీద, నిలకడ మీద పని చేయించాలి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గర ఈ గీతల నోటుబుక్కు ఒకటి ఉంటే స్టాప్‌వాచ్ కంటే ఎక్కువ సంగతులు చెబుతుంది.

పుట్టినతేదీ ఒక్కటే చూస్తే ఇవన్నీ కనపడవు. అండర్-14 వరసలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు అబ్బాయిల్లో ఒకడికి మీసకట్టు వచ్చి ఉంటుంది, ఇంకొకడి గొంతైనా మారి ఉండదు. ఇద్దరి శరీరాల మధ్య ఎడం మూడు నాలుగేళ్లు ఉండొచ్చు. ముందు ఎదిగినవాడు గెలుస్తాడు, వెనక ఎదిగేవాడు తనకు చేతకాదనుకుని మానేస్తాడు. జూనియర్లుగా అంతర్జాతీయ స్థాయిలో మెరిసినవారిలో ఎక్కువమంది సీనియర్లుగా ఆ స్థాయికి చేరడం లేదని జర్మనీ పరిశోధకుడు ఆర్నే గులిచ్ బృందం చూపించింది. సీనియర్లుగా ప్రపంచస్థాయికి ఎదిగినవారు చిన్నప్పుడు ఎక్కువ ఆటలు ఆడినవారని కూడా అదే బృందం తేల్చింది.

మడమ, మోకాలు, కాలి ముందరి ఎముక

బడి పిల్లల్లో ఎక్కువగా వచ్చే నొప్పి మడమ వెనకది. 8 నుంచి 14 ఏళ్ల మధ్య, పరుగూ గెంతులూ పెరిగినప్పుడు వస్తుంది. పిక్క కండరం గట్టి పట్టీగా మారి మడమ ఎముకను పట్టుకునే చోట కూడా ఒక ఎదుగుదల పొర ఉంది. బిగిసిన పిక్క దాన్ని లాగి లాగి రేపుతుంది. 1912లో దీన్ని వర్ణించిన బోస్టన్ డాక్టర్ సెవర్ పేరుతో పిలుస్తారు. పోల్చుకోవడం తేలిక. పిల్లాడిని మంచం అంచున కూర్చోబెట్టి, మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో మెల్లగా ఒత్తండి. అడుగు భాగం నొక్కితే ఏమీ అననివాడు పక్కల నుంచి ఒత్తగానే కాలు వెనక్కి లాక్కుంటాడు. ఉదయం మంచం దిగి మునివేళ్ల మీద నడుస్తున్నాడేమో కూడా చూడండి. పొర మూసుకునే వయసుకు ఇది దానంతటదే పోతుంది. అప్పటిదాకా పరుగు తగ్గించి, మడమ కింద మెత్త పెట్టి, పిక్కను నెమ్మదిగా సాగదీయిస్తే చాలావరకు ఉపశమనం దొరుకుతుంది.

మోకాలిచిప్ప కింద రెండు వేళ్ల దూరంలో వచ్చే నొప్పి దీనికి తోబుట్టువే. తొడ ముందరి కండరం అక్కడ కాలి ఎముకను పట్టుకుంటుంది. 1903లో బోస్టన్‌లో ఆస్‌గుడ్, జ్యూరిక్‌లో ష్లాటర్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీని గురించి రాశారు. నొప్పి తగ్గాక కూడా అక్కడ చిన్న బుడిపె మిగిలిపోవచ్చు. చిన్నప్పుడు వాలీబాలో కబడ్డీయో బాగా ఆడిన పాఠకులు తమ మోకాలి కింద తడిమి చూసుకుంటే కొందరి వేలికి తగులుతుంది.

కాలి ముందరి ఎముక నొప్పి దగ్గర జాగ్రత్త పడాలి. ఎముక లోపలి అంచు వెంట జానెడు మేర పరుచుకున్నట్టుగా నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గితే అది షిన్ స్ప్లింట్స్ కావచ్చు, విశ్రాంతికి లొంగుతుంది. అలా కాకుండా ఒక్క వేలితో చూపించగలిగేంత చోటే నొప్పి పెడుతూ, పరుగెత్తేకొద్దీ పెరుగుతూ, రాత్రి పడుకున్నా వేధిస్తుంటే ఎముక పగులు అనుమానించాలి. డాక్టర్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఒక్క దెబ్బకు వచ్చేది కాదిది. పరుగులో ఒక్కో అడుగూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల మోతతో నేలను తాకుతుంది. ఎముకలో కంటికి కనపడని చిన్న చిన్న నష్టాలు జరగడం, శరీరం వాటిని బాగుచేసుకోవడం రోజూ జరిగేదే. బాగయ్యే వేగం కంటే నష్టపోయే వేగం పెరిగితే పగులు తేలుతుంది. 1855లోనే ప్రష్యా సైన్యంలోని ఒక డాక్టరు కవాతు చేసిన సైనికుల పాదాల్లో దీన్ని గమనించాడు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే కనపడొచ్చు. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అని మర్నాడే పరుగెత్తిస్తే పగులు పెద్దదవుతుంది.

రాత్రిపూట రెండు కాళ్లూ పీకుతున్నాయని ఏడ్చి, అమ్మ ఒత్తగానే నిద్రపోయి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు ఆడుకునే చిన్నపిల్లల నొప్పి వేరు. దానికి కంగారు అక్కర్లేదు. కుంటడం, ఒక్క కాలే నొప్పి పెట్టడం, వాపు, జ్వరం ఉంటే మాత్రం చూపించాలి. కాస్త బొద్దుగా ఉన్న పదమూడేళ్ల పిల్లాడు మోకాలు నొప్పి అంటూ కుంటుతున్నాడనుకోండి. మోకాలిలో ఏమీ లేకపోతే తుంటిని చూడమని డాక్టర్ని అడగండి. తుంటి దగ్గరి ఎదుగుదల పొర జారితే ఆ నొప్పి మోకాలిలో తెలుస్తుంది. అది ఆలస్యం చేయకూడని జబ్బు.

పోటీకి మూడు వారాల ముందు

దెబ్బల్లో పెద్ద భాగానికి మూలం పనిని ఒక్కసారిగా పెంచడమే. వేసవి సెలవులంతా ఇంట్లో ఉన్న పిల్లలు బడి తెరిచాక మెల్లగా మైదానానికి వస్తారు. మండల స్థాయి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల తేదీ రాగానే ఉన్నట్టుండి పొద్దున, సాయంత్రం పరుగు. మూడు వారాల్లో మూడు రెట్లు. ఒక్క విజిల్, కొన్ని వందలమంది పిల్లలు, సగం గడ్డి సగం కంకర ఉన్న మైదానం ఇచ్చి పతకాలు తెమ్మంటే వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం ఏం చేస్తారు? ఆయన్ని తప్పుపట్టే ముందు బడులు ఏడాదంతా వారానికి మూడు రోజులు ఆటల పీరియడ్ నిజంగా జరిపించాలి. పని మెల్లగా ఎక్కించడానికి వేరే దారి లేదు.

వారానికి పది శాతానికి మించి పెంచొద్దని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన పెద్దవాళ్ల మీద పరీక్షిస్తే ఆ సూత్రం పాటించినవాళ్లకు దెబ్బలు తగ్గినట్టు కనపడలేదని 2008లో తేలింది. అంకెను పట్టుకుని వేలాడొద్దు. పిల్లల విషయంలో నాకు ఎక్కువ పనికొచ్చినట్టు అనిపించే కొలత వేరే ఉంది. షికాగో ప్రాంతంలో దాదాపు 1,200 మంది పిల్లల్ని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లల వయసు ఎంతో వారానికి అన్ని గంటలకు మించి ఒక పద్ధతిలో శిక్షణ తీసుకున్నవారికి తీవ్రమైన అతివాడకపు దెబ్బలు ఎక్కువగా తగిలాయి. పదకొండేళ్ల పిల్లకు వారానికి పదకొండు గంటలు గరిష్ఠం అన్నమాట. గుర్తుంచుకోవడం తేలిక.

ఇలాంటి హద్దులన్నీ మరిచి 2006 మేలో ఒడిశాలో సుమారు నాలుగేళ్ల బుధియా సింగ్ చేత పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తించారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. ఒడిశా ప్రభుత్వం కలగజేసుకుని ఆ పరుగులు ఆపించింది. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో మనమూ ఉన్నామని మరిచిపోకూడదు. చిన్నపిల్లలు ఎంత దూరమైనా పరుగెత్తుతారు, ఎందుకంటే పెద్దవాళ్ల మెప్పు కోసం వాళ్లు నొప్పి చెప్పరు.

విసిరే ఆటల్లో వయసుకు తగ్గ మోతే పెట్టాలన్న వివేకం నియమాల్లోనే ఉంది. మగవాళ్ల జావెలిన్ 800 గ్రాములైతే అండర్-18 అబ్బాయిలది 700. మగవాళ్ల షాట్‌పుట్ గుండు 7.26 కిలోలు, అండర్-18 అబ్బాయిలది 5. హర్డిల్ ఎత్తు కూడా వయసును బట్టి తగ్గుతుంది. రోజువారీ పరుగుకు మాత్రం అలాంటి నియమం రాసిపెట్టి లేదు, అది పెద్దల విచక్షణకే వదిలేశారు.

ఒకే పని మళ్లీ మళ్లీ చేయించకపోవడం కూడా ఎముకకు ఊరటే. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. అందులో హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు ఉంటాయి. ప్రతి పిల్లా హెప్టాథ్లెట్ కానక్కర్లేదు. అయినా పద్నాలుగేళ్ల దాకా అందరికీ పరుగెత్తడం, దూకడం, విసరడం మూడూ నేర్పితే ఒకే చోట లాగుడు పడదు. కోకో, కబడ్డీ, తొక్కుడుబిళ్ల కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఆట ముందు నిలబడి కాళ్లు సాగదీయడం దెబ్బల్ని పెద్దగా ఆపదు. ఒంటికాలి మీద నిలకడ, మెత్తగా నేలకు దిగే గెంతులు, సరిగ్గా పడటం నేర్పే పదిహేను ఇరవై నిమిషాల వ్యాయామాలు ఆపుతాయి. 7 నుంచి 13 ఏళ్ల ఫుట్‌బాల్ పిల్లల కోసం తయారుచేసిన ఇలాంటి కార్యక్రమాన్ని నాలుగు యూరప్ దేశాల్లో పరీక్షిస్తే దెబ్బలు దాదాపు సగానికి తగ్గాయి. ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు.

మే నెల సమ్మర్ క్యాంపులకు పంపేవారికి ఒక మాట. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కోస్తాలో చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. పరుగెత్తుతూ తికమకగా మాట్లాడుతున్న పిల్లను ముందు నీళ్లతో తడిపి చల్లబరచండి, అంబులెన్సుకు ఫోను ఆ పని చేస్తూనే చేయండి.

పాలు, గుడ్డు, నెలసరి

పొద్దున అయిదింటికి ఖాళీ కడుపుతో మైదానానికి, అటునుంచి అటే బడికి, ఒంటిగంటకు మొదటి ముద్ద. ఇలాంటి దినచర్యలో ఎంత మంచి కోచ్ ఉన్నా ఎముక గట్టిపడదు. పరుగుకు ఖర్చయ్యే శక్తి పోగా ఎదగడానికి మిగలాలి. మిగలకపోతే శరీరం ఎముకకు ఇవ్వాల్సిన వాటా తగ్గించుకుంటుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ లోటుకు ఒక పేరు పెట్టి హెచ్చరించింది. ఆడపిల్లల్లో దీని మొదటి గుర్తు నెలసరి తప్పడం. "శిక్షణ గట్టిగా సాగుతోంది, అందుకే రావడం లేదు" అని సర్దిచెప్పుకునేవాళ్లున్నారు. మూడు నెలలు రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టరుకు చూపించాలి. ఎముక పగుళ్లకు అది దారి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. రెండో రౌండుకే ఆయాసపడి ఆగిపోయే పిల్లను తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర వికారమని పారేయకుండా అన్నం తిన్నాక వేసుకునేలా చూడండి. పరుగుకు ముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో, తర్వాత గంటలోపు గుడ్డో పప్పన్నమో ఉండాలి. నిద్ర తొమ్మిది గంటలకు తగ్గకుండా చూడాలి. పరీక్షల నెలలో నిద్ర తగ్గితే శిక్షణ కూడా తగ్గించాలి.

మళ్లీ ట్రాక్ మీదికి

నొప్పి పోయింది కదా అని ఆపిన చోటునుంచే మొదలుపెట్టడం వల్ల పాత దెబ్బ తిరగబెడుతుంది. కాలి ఎముక పగులు మానడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో ఈత, సైకిల్, చేతులకూ పొట్టకూ వ్యాయామాలు చేయిస్తే గుండె, ఊపిరితిత్తుల పట్టు సడలదు, పిల్లకు తాను జట్టులోనే ఉన్నానన్న ధైర్యం ఉంటుంది. డాక్టరు సరేనన్నాక మొదట అరగంట చురుకైన నడక. మర్నాడు ఉదయం నొప్పి లేకపోతే ఒంటికాలి మీద పది గెంతులు, రెండు కాళ్లకూ తేడా ఉందేమో చూడాలి. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున గడ్డి మీదో మట్టి మీదో, రోజు విడిచి రోజు. ముందు సమయం పెంచాలి, ఆ తర్వాతే వేగం. మలుపుల్లో పరుగు, బ్లాకుల నుంచి స్టార్టు, స్పైక్ షూలు ఈ వరసలో చివర. ఏ మెట్టు దగ్గరైనా నొప్పి మళ్లీ పొడిచిందంటే ఒక మెట్టు కిందికి దిగి నాలుగు రోజులు అక్కడే ఉండాలి. ఈలోగా జిల్లా పోటీలు వచ్చి వెళ్లిపోవచ్చు. ఆ పోటీకి పంపాలా వద్దా అన్నది కోచ్, తల్లిదండ్రులు, పిల్ల ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి. అందులో పిల్ల కాలు చెప్పిన మాటకే ఎక్కువ బరువు ఇవ్వాలి.